అయిదు ఇంటూలు, ఒక చుక్క

ఆ ఏడు వానలు పట్టుకున్న వారంలోనే మా పెద్దమ్మ ఎడమచేతి ఉంగరపు వేలు మొరాయించింది.

పొద్దున్నే కాఫీ కప్పు అందుకోబోయి, అందుకోకుండానే ఆగి, చేతికేసి చూసుకుంది. మిగతా వేళ్ళన్నీ విప్పారాయి. ఆ ఒక్కటీ అరచేతిలో మొహం దాచుకుని ఉండిపోయింది. కుడిచేత్తో పట్టి లాగితే టక్కుమని తెరుచుకుంది. వదలగానే మెల్లగా మళ్ళీ వంగింది.

“మొండిఘటం,” అంది పెద్దమ్మ ఆ వేలితోనే. “ఎవరి పోలికో ఏమిటో!”

“నీ పోలికే,” అన్నాను.

“నీకు నోరు లేదనుకున్నాను. ఉందన్నమాట,” అని కప్పును కుడిచేతికి మార్చుకుంది. ఆ తరువాత ఆ కాలమంతా ఆమె ఎడమచేత్తో కప్పు పట్టుకోగా నేను చూడలేదు.

పెద్దమ్మ గిటారు టీచరు. వీధివైపు గదిలో, సాయంత్రాలు, పెద్దవాళ్ళకు నేర్పేది. పిల్లలు ఎదిగిపోయాక, ఉద్యోగాలు వదిలిపోయాక, ‘ఇప్పుడైనా’ అనుకుని వచ్చేవాళ్ళే అందరూ. నాది మధ్యగది. సంగీతం పుస్తకాలు అచ్చువేసేవాళ్ళకు కంప్యూటరు మీద పేజీలు కూర్చడం నా పని. రెండు గదులకూ నడుమ తలుపు లేదు, తెర ఉంది. తెర అవతల నవ్వులూ తీగలూ దెప్పిపొడుపులూ, ఇవతల నేను. నాకు మాటలు రావని కాదు. నా మాట తయారయ్యేసరికి ఎదుటివాళ్ళు వేరే సంగతిలోకి వెళ్ళిపోయి ఉండేవాళ్ళు. అందువల్ల రోజు మొత్తంలో నేను వినే మనుషుల గొంతులన్నీ ఆ తెర గుండానే వచ్చేవి. వాటికి బదులు చెప్పే పని లేదు. అంతకంటే ఏం కావాలి అనుకునేదాన్ని.

డాక్టరు చూసి, వేలిని లాగే నరం దాని ఒరలో ఇరుక్కుపోయిందన్నాడు. చిన్న కోత వేస్తే వేలు తెరుచుకుంటుందనీ, గిటారు సంగతి మాత్రం మాట ఇవ్వలేననీ అన్నాడు. ఇంటికి వచ్చాక పెద్దమ్మ గుమ్మంలో గొడుగు దులుపుతూ అంది.

“వానలు వెలిసేదాకా చూస్తాను. అప్పటికీ ఈ చెయ్యి దారికి రాకపోతే క్లాసు మూసేస్తాను. చేతకాని చెయ్యి చూపించి నేర్పడం నావల్ల కాదు.”

“నోటితో చెప్పొచ్చు కదా పెద్దమ్మా.”

“నోటితో చెబితే వచ్చేదాన్ని పాఠం అంటారు, వాయిద్యం అనరు.”

నేను గొడుగు అందుకుని మూలన పెట్టాను. క్లాసు లేని ముందుగదిని ఊహించుకోబోయాను. కుర్చీలు కనబడ్డాయి గానీ సాయంత్రం కనబడలేదు.

*

అప్పటి బ్యాచ్ వాళ్ళు వానలతో పాటే వచ్చినవాళ్ళు. గిటారు ఏ వైపు పట్టుకోవాలో అప్పుడప్పుడే తెలుస్తోంది. వాళ్ళ కోసం పెద్దమ్మ ఒక పుస్తకం చెయ్యమంది.

గిటారు మీద కొన్ని స్వరాలను ఒక్కసారిగా మోగించే పట్టును కార్డ్ అంటారు. ఆ పట్టును కాగితం మీద చూపడానికి ఒక బొమ్మ ఉంటుంది. నిలువుగా ఆరు గీతలు, అవి తీగలు. ఎడమ చివర అన్నిటికంటే లావుది, కుడి చివర సన్నది. అడ్డంగా కొన్ని గీతలు, గిటారు మెడను అవి గడులుగా విడదీస్తాయి. వేలు నొక్కవలసిన చోట నల్లచుక్క, చుక్కలో వేలి అంకె: చూపుడు వేలు ఒకటి, నడిమివేలు రెండు, ఉంగరపు వేలు మూడు, చిటికెన వేలు నాలుగు. మీటకూడని తీగ నెత్తిన ఇంటూ గుర్తు. నొక్కకుండా వదిలి మీటే తీగ నెత్తిన సున్నా. నేను వాడే సాఫ్ట్‌వేర్‌లో గీతలు గీయడమనేది లేదు, అంతా అక్షరాలే. ఏ తీగ, ఏ గడి, ఏ వేలు అని టైపు చేస్తే బొమ్మను అదే గీసుకుంటుంది. అంత కష్టమూ అక్కరలేదనుకుంటే కార్డ్ పేరొక్కటి కొడితే చాలు. తన దగ్గర ముందే ఉన్న బొమ్మను తెచ్చి పెడుతుంది.

నేను పేర్లు కొట్టి, మొదటి పేజీ చూపించాను. పెద్దమ్మ కళ్ళజోడు సవరించుకుంది.

“ఎవరి చెయ్యే ఇది?”

“ఎవరిదీ కాదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నదే.”

“ఎవరిదీ కాని చెయ్యి నా పుస్తకంలో ఎందుకు? నేను నేర్పేది ఇలా కాదు. ఇక్కడ చిటికెన వేలు రావాలి. ఇదిగో, ఇక్కడ రెండో వేలు. వాళ్ళందరూ వయసు మీరినవాళ్ళు. ఇంత సాగదీస్తే వేళ్ళు ఊడి చేతికొస్తాయి.”

“వేళ్ళు ఎప్పుడూ చేతికే ఉంటాయిగా.”

“రెండోసారి నోరు విప్పావు ఈ వారంలో,” అంది పెద్దమ్మ. “వాన పడక చస్తుందా!”

అలా మొదలైంది. సాఫ్ట్‌వేర్ బొమ్మలను పక్కన పెట్టి, పెద్దమ్మ నేర్పే పద్ధతిలో ఒక్కొక్క కార్డ్‌నూ వేలువేలునా చెప్పించుకుని వేరే ఫైలులో రాశాను. పుస్తకం మొదట్లో ఒక వరుస పెట్టాలి, ఫలానా ఫైలులోని బొమ్మలు తెచ్చుకో అని. అప్పుడు పుస్తకంలో ఆ పేరు ఎక్కడ వచ్చినా ఆమె పట్టే పడుతుంది.

అది అయిపోయాక ఒక మధ్యాహ్నం, బయట కుండపోతగా కురుస్తూండగా, తెర తప్పించుకుని గిటారుతో మధ్యగదిలోకి వచ్చింది.

“ఇంకోటి చెయ్యి. నాకు. మూడు వేళ్ళది.”

నేను ఆమె ముఖంలోకి చూశాను.

“చేతికి చెబితే వినడంలేదే. అలవాటైన దారినే పరిగెడుతుంది, అక్కడికి వెళ్ళాక ఆ వేలు లేదని గుర్తొచ్చి నిలబడిపోతుంది. కాగితం మీద కనబడితే సిగ్గుపడి వింటుందేమో.”

ఆ పక్షమంతా మధ్యాహ్నాలు మాకు అదే పని. ఆమె నా కుర్చీ పక్కన మోడా వేసుకుని, గిటారు మెడ మీద వేళ్ళు అటూ ఇటూ జరుపుతూ, ముడుచుకున్న వేలిని తప్పించి మిగిలిన మూడింటితో ఏది అందుతుందో వెతికేది. అందినదాన్ని నేను రాసేదాన్ని. లావు తీగలూ సన్నతీగలూ రెండూ ఒకేసారి అందవు గనుక లావు తీగలను వదిలేయవలసి వచ్చేది. “ఇంటూ పెట్టు,” అనేది. పెట్టేదాన్ని. “దీనికి కూడా.” పెట్టేదాన్ని. ఒక్కొక్క కార్డ్ దొరికినప్పుడల్లా ఊపిరి పీల్చి వదిలేది, మెట్లెక్కిన మనిషిలాగా.

ఒక బొమ్మలో నాకొక ఆలోచన వచ్చింది. మూడో వేలు పడవలసిన చోట నల్లచుక్కకు బదులు తెల్లచుక్క పెట్టాను, లోపల ఏ అంకే లేకుండా.

“అదేమిటి, అక్కడ?”

“మూడో వేలు ఉండవలసిన చోటు కదా. లేదని తెలియడానికి…”

“లేదని నాకు తెలుసు. లేనిదాన్ని గీయకు.”

తీసేశాను.

*

సాయంత్రాలు క్లాసు మామూలుగానే నడిచేది. పెద్దమ్మ తీగల పేర్లు చెప్పించేది, కుడిచేతి మీటులు మీటించేది, ఎడమచేతి సంగతి వచ్చేసరికి పుస్తకం వస్తోందనేది. ఎవరికీ అనుమానం రాలేదు. వాళ్ళకు వాళ్ళ వేళ్ళతోనే తీరిక లేదు.

ఒక రోజు వాళ్ళకు నమూనా పేజీ ఇచ్చింది. రిటైరైన బస్సు డ్రైవరు గొంతు తెర దాటి వచ్చింది. ఆయన గొంతు తెరలే కాదు, గోడలు కూడా దాటేది.

“టీచర్, ఇవి చుక్కలా, చీమలా? ఒకటో నాలుగో తెలియడం లేదు.”

“కళ్ళజోడు తెచ్చుకోండి.”

“పెట్టుకునే ఉన్నానండీ. చీమలు బలిశాయి, అంతే.”

“లోపల చుక్కలమ్మాయి ఉందిగా, ఆవిడనడగండి,” అంది నర్సు. ఆమె డ్యూటీ దిగి నేరుగా వచ్చేది, చెప్పుల చప్పుడులో కూడా అలసట తెలిసేది.

“ఏమ్మా చుక్కలమ్మాయీ! చీమల్ని ఈగలు చేసిపెడతావా?”

చేస్తానండీ అని నా మాట తయారైంది. అప్పటికి తెర అవతల గొడుగు ఎవరిదో ఎవరు పట్టుకుపోయారో తేల్చుకుంటున్నారు. క్లాసులో చేరిన టైలరు తన గొడుగు మీద తానే కుట్టిన గుర్తు ఉందంటున్నాడు. డ్రైవరు ఆ గుర్తు కనబడాలంటే అది కూడా ఈగంత ఉండాలంటున్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చప్పుడు లేకుండా.

వెంటనే చుక్కలు పెంచాను. అంకెలు లావు చేశాను. పెంచిన చుక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయేమో చూడాలి. పెద్దమ్మ మూడు వేళ్ళ బొమ్మల్లోనే చుక్కలు దగ్గరదగ్గరగా ఉండేవి గనుక, పరీక్షకని ఆ రెండో ఫైలును కూడా పుస్తకానికి తగిలించి చూశాను. ఎక్కలేదు, చక్కగా ఒదిగాయి. తృప్తిగా అచ్చుకు ఇచ్చాను. జిరాక్సు షాపు ఆయన స్పైరల్ వేసి, వాన తగలకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇచ్చాడు. డాక్టరు చెప్పిన కోతకు చివరికి ఒప్పుకున్న పెద్దమ్మ, ఆపరేషనుకు ముందు రోజు తలా ఒకటి పంచింది.

“నా చేతికి చిన్న కోత ఉంది. నేను పిలిచేదాకా సెలవు. ఇంట్లో సాధన చెయ్యండి. పుస్తకంలో ఎలా ఉంటే అలా. సొంత తెలివి వద్దు.”

“మా ఇంట్లో ఆ ఇబ్బంది లేదు టీచర్,” అన్నాడు డ్రైవరు. “మా ఆవిడ అదెప్పుడో తీసేసింది.”

*

తరువాతి రోజుల్లో వాన ఒక్కటే మాట్లాడింది.

పెద్దమ్మ కట్టుకట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేది. వీధిలో నీళ్ళు పోతూండేవి. సాయంత్రం కాగానే అలవాటు కొద్దీ ఇద్దరమూ గుమ్మం వైపు చూసి, ఒకరినొకరు చూడనట్టు తల తిప్పుకునేవాళ్ళం. ముందుగదిలో కుర్చీలు గుండ్రంగా అలాగే ఉన్నాయి. ఊడుస్తున్నప్పుడు వాటిని జరిపి, మళ్ళీ అదే గుండ్రంలో పెట్టేదాన్ని. నా పనికి లోటు లేదు. ఎవరెవరి పుస్తకాలో వచ్చేవి, ఎవరెవరి చేతుల కోసమో చుక్కలు పెట్టేదాన్ని. కానీ చెవులకు పని లేకపోయింది. అవతల ఏమీ లేనప్పుడు తెర ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఒక రోజు దాన్ని పక్కకు కట్టేశాను. ఖాళీ గది ఇంకా బాగా కనబడింది. మళ్ళీ విప్పేశాను.

కుట్లు విప్పాక పెద్దమ్మ గిటారు తెమ్మంది. వేలు తెరుచుకుంది, నిజమే. కానీ తెరుచుకుని ఊరుకుంది. పక్కవేళ్ళకు కూడా అదేదో అంటుకున్నట్టు, ఒకేసారి రెండు వేళ్ళు నొక్కాలంటే రెండూ వణికేవి. తన మూడు వేళ్ళ పేజీలు ఎదురుగా పెట్టుకుని మొదటి బొమ్మను ప్రయత్నించింది. తీగలు పలకలేదు, గరగరలాడాయి. రెండో బొమ్మ. మూడో బొమ్మ దాకా వెళ్ళలేదు.

“చాలు,” అంది. గిటారును పెట్టెలో పెట్టి, మూత వేసి, గొళ్ళెం కూడా వేసింది. “వానలు వెలిసేదాకా ఎందుకు? వాళ్ళను పిలు. ఎదురుగా చెప్పేసి మూసేస్తాను. ఫోన్లో చెబితే మర్యాద కాదు.”

“ఇంకొన్నాళ్ళు చూడొచ్చు కదా.”

“చూస్తూ కూర్చుంటే చెయ్యి చూస్తుంది, నేను చూస్తాను. వాయించేదెవరు?”

పిలిచాను. ఫోన్లో మాట్లాడటం నాకు నరకం, మెసేజ్ పెట్టాను. అందరూ వస్తామన్నారు. డ్రైవరు మాత్రం, ‘టీచరుగారికి ఒక సర్‌ప్రైజ్ ఉంది’ అని పెట్టాడు. అది పెద్దమ్మకు చెప్పలేదు. సర్‌ప్రైజుల మీద నాకు నమ్మకం లేదు.

*

వాళ్ళు వచ్చారు. గొడుగులు మూలన నీళ్ళు కారుస్తున్నాయి. కుర్చీలు నిండాయి. తెర అంచు పట్టుకుని నేను ఇవతల నిలబడ్డాను. ఆమె ఆ మాట అనబోయే క్షణంలో కూర్చుని ఉండటం నా చేత కాలేదు.

పెద్దమ్మ ఇంకా నోరు తెరవకముందే డ్రైవరు చెయ్యెత్తాడు.

“ముందు మాది వినాలి టీచర్. అందరూ రెడీయా? ఒకటి, రెండు, నాలుగు!”

వాయించారు. పెద్దమ్మే కట్టిన చిన్న పాట అది, పుస్తకంలో చివరిది. తడబడుతూ, ఒకరినొకరు చూసుకుంటూ, కానీ ఆగకుండా వెళుతున్నారు. తీగలు శుభ్రంగా పలుకుతున్నాయి. నేను పెద్దమ్మ ముఖం చూశాను. ఆమె వాళ్ళ ఎడమచేతులు చూస్తోంది. అప్పుడు నేనూ చూశాను.

అందరి ఉంగరపు వేళ్ళూ ముడుచుకుని ఉన్నాయి. ముడుచుకుని, తెల్లటి ప్లాస్టరుతో అరచేతికి అంటించి ఉన్నాయి.

“ఆపండి,” అంది పెద్దమ్మ.

ఆపారు. టైలరు కొంచెం ఆలస్యంగా ఆపాడు.

“నా చెయ్యి మీకు వేళాకోళంగా ఉందా?”

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. డ్రైవరు తన చేతిని తిరగేసి చూసుకున్నాడు, దానిమీద ఏదైనా రాసుందేమోనన్నట్టు.

“వేళాకోళమేమిటండీ?”

“ఈ ప్లాస్టర్లేమిటి?”

“నేనే వేశాను టీచర్,” అంది నర్సు మెల్లగా. “ఆ వేలు ఊరుకోవడం లేదు, మధ్యలో దూరి తీగలకు తగులుతోంది. అందరిదీ అదే గోల. హాస్పిటల్ ప్లాస్టరే, తీసినా నొప్పెట్టదు.”

“అసలు మూడో నంబరు రూటు రద్దు కదండీ,” అన్నాడు డ్రైవరు. “పుస్తకమంతా వెతికాను. ఒకటుంది, రెండుంది, నాలుగుంది. మూడు ఎక్కడా లేదు. సొంత తెలివి వద్దన్నారని ఊరుకున్నాం.”

టైలరు తన పుస్తకాన్ని ఆమె ముందుకు జరిపాడు. పెద్దమ్మ కుడిచేత్తో పేజీలు తిప్పింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. వేగంగా మొదలుపెట్టి నెమ్మదిగా ముగించింది.

“ఏమే,” అంది. గొంతు పెంచలేదు. “ఇలా రా.”

తెర దాటి వెళ్ళాను. క్లాసు జరుగుతూండగా ఆ గదిలో కాలుపెట్టడం అదే మొదలు. అన్ని ముఖాలూ నా వైపు తిరిగాయి. గొంతులుగా తెలిసినవాళ్ళు ముఖాలతో కూర్చుని ఉన్నారు.

“చుక్కల సైజు చూద్దామని రెండో ఫైలు తగిలించాను… తీయలేదు. ఒకే పేరుతో రెండు ఉంటే… చివరిదే నిలుస్తుంది.”

“అచ్చయ్యాక చూసుకోలేదా?”

“చూశాను. సరిగ్గానే ఉన్నట్టనిపించింది.” అది నిజం. ఆ పక్షమంతా మధ్యాహ్నాలు ఆ మూడు వేళ్ళనే చూసిన కళ్ళవి. వాటికి అందులో ఏ లోటూ కనబడలేదు.

నర్సు నా మాట వినడం లేదు. పెద్దమ్మ ఎడమచెయ్యి చూస్తోంది. “మీదీ అదే వేలా టీచర్?”

“అదే.”

“చిన్న కోత అన్నారు.”

“కోత చిన్నదే.”

టైలరు తన ప్లాస్టరు అంచును గోటితో లేపబోయాడు.

“ఇప్పుడిది విప్పుకుని మళ్ళీ మొదటినుంచా? ఆల్టరేషన్ కంటే కొత్తగా కుట్టుకోవడం నయం.”

“నావల్ల కాదు,” అన్నాడు డ్రైవరు. “ఇది పట్టుబడేసరికే మా ఆవిడ పుట్టింటికి పోతానని సంచి సర్దింది. మళ్ళీ మొదలంటే సంచి తీసుకునే పోతుంది.”

పెద్దమ్మ నవ్వలేదు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఇంకోసారి వాయించండి.”

వాయించారు. ఈసారి ఆమె చేతులు చూడలేదు, కళ్ళు మూసుకుని విన్నది.

“గోడలున్నాయి, పైకప్పుంది. పునాది లేదు,” అంది. “లావు తీగలు వదిలేశాం కదా.”

అని నా వైపు చూసి గడ్డంతో పెట్టెను చూపించింది. నేను గొళ్ళెం తీసి గిటారు అందించాను. చూపుడు వేలు ఒక్కటే చాపి, అన్నిటికంటే లావైన తీగను ఒక చోట నొక్కింది. ఒకే వేలు గనుక వణకలేదు. కుడి బొటనవేలితో మీటింది. స్వరం నేల మీదుగా వచ్చి నా అరికాళ్ళకు తగిలింది.

“మళ్ళీ. నెమ్మదిగా.”

వాళ్ళు మొదలుపెట్టారు. వాళ్ళ కార్డ్ మారిన చోటల్లా ఆమె ఆ వేలిని పైకో కిందికో జరిపి ఒక్కొక్క స్వరం వేస్తూ వచ్చింది. ఎక్కడా తొందరపడలేదు. పాట చివరికి వచ్చి, ఆగిన తరువాత కూడా ఆమె స్వరం కొంతసేపు ఉంది.

నర్సు తన కళ్ళు తుడుచుకుని, అదేమీ లేనట్టు అడిగింది. “ఏదో చెప్పాలని పిలిచారట టీచర్?”

పెద్దమ్మ మూల వైపు చూసింది.

“ఏముంది? రేపటినుంచి గొడుగులు బయట పెట్టండి. గదంతా తడిసిపోతోంది.”

*

మర్నాడు అడిగాను. “పుస్తకం సరిచెయ్యనా?”

“ఉన్నదాన్ని కదపకు. కింద నాది చేర్చు.”

ప్రతి కార్డ్ కిందా ఇంకొక చిన్న బొమ్మ చేర్చాను. ఆరు గీతలు, అయిదింటి నెత్తిన ఇంటూలు, మిగిలిన ఒక్కదాని మీద ఒక చుక్క. సాఫ్ట్‌వేర్ దగ్గర అలాంటి బొమ్మ సిద్ధంగా ఉండదు. ఒక్క స్వరాన్ని ఎవరూ కార్డ్ అనరు. కొన్ని చోట్ల చుక్క కూడా లేదు, వదిలి మీటే తీగ. అప్పుడు అయిదు ఇంటూలూ ఒక సున్నా. చుక్కలో వేలి అంకె పెట్టబోతే పెద్దమ్మ వద్దంది. “ఏ వేలో నాకు తెలుసు.”

ఆ బొమ్మలు చేస్తున్నంతసేపూ తెర అవతల పాట నడుస్తూండేది. కింది స్వరం వచ్చినప్పుడల్లా నా బల్ల మీది స్పూను గ్లాసులో సన్నగా అదిరేది.

వానలు వెనకబడుతున్న రోజుల్లో నర్సు ఒక కబురు తెచ్చింది. ఆమె పనిచేసే హాస్పిటల్లో, రోగులూ వాళ్ళ మనుషులూ కూర్చునే పెద్ద హాల్లో, ఒక మధ్యాహ్నం వాయించమన్నారు. డ్రైవరు ఎవరినో పట్టుకుని వ్యాను తెచ్చాడు. తనే తోలుతానని పంతం పట్టాడు.

“నువ్వూ రావే,” అంది పెద్దమ్మ.

“పేజీలున్నాయి పెద్దమ్మా.”

“పేజీలకేం కాళ్ళున్నాయా, పారిపోవడానికి?”

చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్ళాను. “చుక్కలమ్మాయీ, కిటికీ సీటు ఆపి ఉంచాను!” అని డ్రైవరు కేకేశాడు. వ్యాను కిటికీలన్నిట్లోంచీ ముఖాలు. అన్నీ మంచి ముఖాలే. అన్నీ నేను ఎక్కడానికే ఎదురుచూస్తున్నాయి. తలనొప్పిగా ఉందన్నాను. పెద్దమ్మ నా కళ్ళలోకి ఒకసారి చూసింది. “ఫోను చేస్తాను. పక్క కుర్చీలో పెడతాను. విను,” అంది.

వ్యాను మలుపు తిరిగింది. లోపలికి వచ్చి చెప్పులు విడిచాను.

ఫోను వచ్చింది. ముందు హాలు చప్పుడు, ఎవరిదో దగ్గు, ఎవరి పేరో పిలుస్తున్న మైకు, కుర్చీలు జరగడం. తరువాత డ్రైవరు గొంతు: ఒకటి, రెండు, నాలుగు. నవ్వులు. పాట.

బాగా వాయిస్తున్నారు. తొందర లేదు, తడబాటు లేదు. నేను ఫోనును బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని విన్నాను. ఏదో తక్కువైంది. ఇంకొంచెం విన్నాను. పెద్దమ్మ లేదు.

చెయ్యి మళ్ళీ మొరాయించిందా? అందరి ముందూ, అంతమంది ముందూ? ఫోనును చెవికి ఆనించాను. లేదు. సన్నతీగలు స్పష్టంగా ఉన్నాయి, కింద ఏమీ లేదు. కానీ వాళ్ళు ఆగడం లేదు. కార్డ్ మారిన చోటల్లా వాళ్ళందరూ ఒక్క క్షణం ఎవరికోసమో ఆగి, ఎవరో వచ్చాక కదిలినట్టు కదులుతున్నారు. అప్పుడు అర్థమైంది. ఆమె వాయిస్తూనే ఉంది. ఫోనుది చిన్న గొంతు; అంత లావు స్వరం దానిలో పట్టదు. హాల్లో ఉన్న ప్రతివాళ్ళ అరికాళ్ళకూ ఇప్పుడు అది తగులుతూ ఉంటుంది.

కంప్యూటరు మీద ఆ పేజీ తెరిచాను. పైబొమ్మలు చెవికి వినబడుతున్నాయి, కిందిబొమ్మలు కంటికి కనబడుతున్నాయి. ఇక్కడ మూడో గడి. ఇక్కడ ఒకటో గడి. ఇక్కడ వదిలిన తీగ. ఎక్కడా తప్పకుండా, పాట ముగిసేదాకా, ఆమెను చూస్తూ కూర్చున్నాను.

పొద్దు వాలుతూండగా వచ్చింది. మెట్లు గబగబా ఎక్కింది. ముఖం కడుక్కున్నట్టు ఉంది, కానీ కడుక్కోలేదు.

“ఒక ముసలాయన లేచి నిలబడి విన్నాడే! కూర్చోమంటే కూర్చోడు. వచ్చే వారం నుంచి క్లాసు కూడా అక్కడే పెట్టుకోమన్నారు. చోటుంది, గాలుంది. ఇక్కడ మోకాళ్ళు మోకాళ్ళు తగులుతున్నాయి కదా.”

“మంచిదే.”

“రోజూ సాయంత్రం వ్యాను వస్తుందట. ఇక డ్రైవరుగారిని పట్టలేం.” చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ, నా వైపు చూడకుండా అడిగింది. “నేను వినబడ్డానా?”

“వినబడ్డావు.”

“అంత దూరానికీ?”

“అందరికంటే బాగా.”

పెద్దమ్మ తృప్తిగా తలాడించింది. ముందుగదిలోకి వెళ్ళి, గుండ్రంగా ఉన్న కుర్చీలను ఒకదాని మీద ఒకటి పేర్చసాగింది. ఎడమచెయ్యి ఇంకా అంత బరువుకు రాలేదు. నేను వెళ్ళి రెండో వైపు పట్టుకున్నాను.